ఆపా ఫ్రీజర్‌లో ఎండ్రికాయల డబ్బా

మా ఇంట్లో ఎండ్రికాయ ఉడకదు. కోస్తా దిక్కు వాళ్ళు పీత అంటారే, అదే. మా ఆయన మెడలో తులసిమాల ఉంది. పెళ్ళయిన ఆరో ఏడు భజన వాళ్ళతో కలిసి నడిచి పండరిపురం పోయి, అక్కడ వేయించుకుని వచ్చాడు. అంతకుముందు ఆదివారం కోడికూర లేకపోతే మొహం మాడ్చుకునే మనిషి, మాల పడ్డ మర్నాటి నుంచి గుడ్డు వాసనకు కూడా తల తిప్పుకున్నాడు. "నువ్వు తిను, నేను వద్దంటలేను. కాని ఈ వంటింట్ల వద్దు, ఆ ఫ్రిజ్‌ల వద్దు" అన్నాడు. ఆ ఫ్రిజ్ నేను జాకెట్లు కుట్టి కొన్నదని గుర్తు చేశాను. ఆయన "విఠలా" అని కళ్ళు మూసుకున్నాడు. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్న మనిషితో ఎంతసేపని కొట్లాడతాం? వెనక దొడ్లో రేకుల కింద ఒక కట్టెల పొయ్యి పెట్టుకున్నాను.

పొయ్యి సంగతి అట్లా తేలింది గాని ఫ్రిజ్ సంగతి తేలలేదు. ఎండ్రికాయలు నా వీలు చూసుకుని రావు. మా తమ్ముడు న్యాల్‌కల్ దిక్కు సేద్యం చేస్తాడు. చేను పక్కన వాగు. ఎండాకాలమంతా ఆ వాగులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. నాలుగు మంచి వానలు పడితే చాలు, బొరియల్లోంచి ఎండ్రికాయలు బయటికొచ్చి గట్లమీద తిరుగుతాయి. వాడు తడిపిన గోనెసంచిలో నలభై, యాభై వేసుకుని తెచ్చి, బావకు కనబడకుండా సందులోంచి దొడ్లోకి వచ్చి దించి పోతాడు. ఇద్దరు పిల్లలున్నారు, ఇద్దరూ తండ్రి పార్టీ. యాభై ఎండ్రికాయలు, తినే నోరు ఒకటి. రెండు రోజులు తింటాను, మూడో రోజు నాకే మొహం మొత్తుతుంది. ఆ తర్వాత చలికాలంలో జలుబు చేసి ముక్కు మూసుకుపోయినప్పుడు, చారు చేసుకుందామంటే ఒక్కటి దొరకదు.

ఈ కష్టానికి దారి చూపించింది పక్కింటి ఆపా. ఆపా అంటే వాళ్ళ మాటలో అక్క. మా రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. ఇరవై ఏళ్ళుగా ఆ గోడ మీద నుంచి పెరుగు తోడు, కరివేపాకు, కుట్టాల్సిన బట్టలు, కుట్టిన బట్టలు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి. వాళ్ళాయనకు బస్టాండు దగ్గర ఐస్‌క్రీముల దుకాణం ఉండేది. మోకాళ్ళు పట్టేసి ఆయన దుకాణం మూసేసినప్పుడు, పెద్ద పెట్టెలాంటి ఫ్రీజర్ ఒకటి, మూతలున్న తెల్ల డబ్బాలు రెండు బస్తాలు ఇంటికొచ్చాయి. డబ్బాలు వీధిలో అందరికీ పంచింది. మా వాడకట్టులో ఇప్పటికీ ఏ ఇంట్లో ఉప్పు చూసినా ఆ డబ్బాలోనే ఉంటుంది. ఫ్రీజర్ మాత్రం వాళ్ళ వెనక వరండాలో పెట్టించి, కరెంటుకు పెట్టి ఉంచింది.

ఆపా వాళ్ళింట్లో ఎండ్రికాయ తినరు. వాళ్ళలో అది కూడదు. అందుకే నేను అడగలేదు. గోనెసంచి చూసి ఆమే అడిగింది. నేను సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "తినం గని, పెట్టుకోనీకి ఏమైతది? మూత గట్టిగ పెట్టు. ఎడమ దిక్కు మూల నీదనుకో" అంది. తినని మనిషి తన ఫ్రీజర్లో మూల ఇచ్చింది, ఒకప్పుడు అన్నీ తిన్న మా ఇంటి మనిషి, నేను కొన్న ఫ్రిజ్‌లోనే చోటివ్వలేదు. ఈ మాట మా ఆయనతో అంటే, ఆపా మంచిదన్నాడు. ఆమె మంచిదని నాకు తెలియదనా!

మొదటి ఏడు పాడుచేసుకున్నాను. బతికున్న వాటిని కడిగి, అట్లాగే డబ్బాలో కుక్కి పెట్టేశాను. చలికి చచ్చి ఊరుకుంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చనుకున్నాను. మూడు నెలలకు తీసి చూస్తే చిప్పలో కండ లేదు, నల్లటి నీళ్ళున్నాయి. ఆ వాసనకు మా ఆయన ముందు గదిలోంచి లేచి బయటికి పోయాడు. చెత్తలో పారేసి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నా కోపం అట్లాంటిది, ముందు ఎండ్రికాయ మీద వస్తుంది, చివరికి ఇంట్లో వాళ్ళ మీద పోతుంది.

తర్వాత పద్ధతి నేర్చుకున్నాను. సంచి విప్పగానే చచ్చినవి ఏరి పారేయాలి, ఎంత పెద్దదైనా సరే. మిగిలినవి మూడు నీళ్ళు మార్చి మట్టి పోయేదాకా కడగాలి. పొయ్యి మీద నీళ్ళు మరిగించి, పసుపు, ఉప్పు వేసి అందులో వదలాలి. రంగు తిరిగి ఎర్రబడి, లోపల కండ గట్టిపడేదాకా ఉడకనివ్వాలి. తీసి చల్లారనిచ్చి, వీపు మీది చిప్ప ఊడబీకి, పక్కల దూదిలాగా ఉండే ఈకలు తీసేయాలి. అవి ఉంటే చేదు. నడుము మధ్యకు విరిచి, ముక్కలు డబ్బాలో సర్ది, ఉడికిన నీళ్ళు వడగట్టి మునిగేదాకా పోయాలి. నీళ్ళు గడ్డకట్టి ముక్కలకు గాలి తగలనివ్వవు. సన్న కాళ్ళు కూడా అందులోనే. చివరికి అన్నిటికంటే పెద్ద డెక్కలు, అంటే పట్టి కరిచే ముందు కాళ్ళు, రెండు జతగా పైన పెడతాను. మూత తీయగానే ఇది ఎండ్రికాయల డబ్బా అని ఆపాకు తెలియాలని పెట్టిన గుర్తు అది. నాలుగైదేళ్ళు ఆ గుర్తుతో ఏ తకరారూ రాలేదు.

తకరారు వచ్చిన ఏడు బక్రీద్ వానాకాలం మొదట్లో పడింది. పండగకు వారం ముందు తమ్ముడు సంచి తెచ్చాడు. నేను రెండు డబ్బాలు నింపి నా మూలన పెట్టాను. అదే ఏడు ఆపా పెద్ద బిడ్డకు చిరాగ్‌పల్లిలో సంబంధం ఖాయమైంది. ఆ పిల్ల నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నా మిషన్ దగ్గర కూర్చుని గుండీలు కుట్టడం నేర్చుకున్న పిల్ల. అంతకుముందు ఒక సంబంధం మాటలన్నీ అయ్యాక తప్పిపోయింది. ఎందుకు తప్పిపోయిందో వాళ్ళు చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. ఆ తర్వాత ఆర్నెల్లు ఆ పిల్ల గోడ దగ్గరికి రావడం మానేసింది. ఈ సంబంధం కుదిరాక మళ్ళీ వచ్చి, పిల్లవాడి ఫోటో ఫోన్లో చూపించి, "బాగున్నడా ఆంటీ?" అని అడిగింది. బాగున్నాడు. ఆ పిల్లకు నచ్చాడు, అదే పెద్ద సంగతి.

పిల్లవాడి తండ్రి కొంచెం కట్టుదిట్టమైన మనిషి. చూడడానికి వచ్చిన రోజు వంటింటి దాకా వచ్చి చూసి పోయాడట. తల్లి ఒక్క మాట కూడా మాట్లాడలేదని ఆపా చెప్పింది. "మూగదా ఏందని అనుకున్న. పోయేటప్పుడు పిల్ల చెయ్యి పట్టుకున్నది. గంతే" అంది.

సంబంధం ఖాయమైన తర్వాత వచ్చే మొదటి బక్రీద్‌కు వియ్యాలవారింటికి మర్యాదగా వాటా పంపాలి. ఆపా ఒక తొడ మొత్తంగా, కబాబుల కోసం ఖీమా కొట్టి మసాలా కలిపిన డబ్బా ఒకటి సిద్ధం చేసింది. ఆ ఖీమా కోసం పండగ రోజు పొద్దుటి నుంచి ఆమె నిలుచునే ఉంది. అది వియ్యపురాలి నోటికి పోయేది కాబట్టి ఎవరినీ ముట్టుకోనియ్యలేదు. రెండూ ఫ్రీజర్లో పెట్టి, మూడోనాడు పొద్దున తన తమ్ముడికిచ్చి చిరాగ్‌పల్లి పంపింది.

ఆ మధ్యాహ్నం నేను మిషన్ మీద ఉన్నాను. ఆపా గోడ దగ్గరికి రాలేదు, వీధి తిరిగి వాకిట్లోంచి వచ్చింది. ఆమె అట్లా వచ్చిందంటే ఏదో అయిందని అర్థం. చేతిలో తెల్ల డబ్బా. మూత తీసి చూపించింది. ఖీమా.

"ఇది ఈడనే ఉన్నది" అంది. "నీయి రెండు డబ్బల్ల ఒకటే ఉన్నది."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పండగ వాటా అని చెప్పి, కాబోయే వియ్యాలవారింటికి నా ఎండ్రికాయలు పోయాయి. ఫ్రీజర్ నిండా పండగ మాంసం పొట్లాలు సర్దేసరికి నా మూలలోని డబ్బా ఒకటి జరిగి పైకి చేరిందట. వాళ్ళ తమ్ముడు వాకిట్లో బండి ఆపకుండా తొందరపెడితే, మూత తీయకుండానే పైన చేతికందిన డబ్బా ఇచ్చేసింది.

"నేనెట్ల మొఖం చూపియ్యాలె?" అంది ఆపా. ఆమె ఏడ్చే మనిషి కాదు. కుర్చీలో కూర్చుని కొంగు అంచును వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. "పిల్లగాని నాయిన చూసిండంటే ఏమనుకుంటడు? పండగ గోష్ పెట్టిన పెట్టెల్నె ఎండ్రికాయలు పెట్టుకుంటరంటడు. పిల్లకు ఇంక సంబంధం రాదు. ఇదొక్కటి గూడ పోతె నా బిడ్డ ఎవలకు మొఖం చూపియ్యది."

నాకు మొదట వచ్చింది జాలి కాదు, సిగ్గు. నా నాలుక యావ కోసం ఆ పిల్ల పెళ్ళి మీదికి తెచ్చాను. తినకుండా ఉంటే చచ్చిపోతానా? మా ఆయన మాల వేసుకుని ఇన్నేళ్ళు బతకలేదా? ఆయన మాటే సరైనదని నాకు అనిపించిన రోజులు జీవితంలో రెండో మూడో ఉన్నాయి, అందులో అదొకటి.

"ఫోన్ చేసిన్రా?" అని అడిగాను.

"ఎవరు చెయ్యలే. అదే భయమైతాంది."

"నేను పోత ఆపా. ఇప్పుడే పోత. ఈ ఖీమా ఇచ్చి ఆ డబ్బ తెస్త. నీకు తెల్వకుండ నేనే పెట్టిన అని చెప్త."

"పండగ పూట అబద్ధం వద్దు" అంది.

"అబద్ధం నేను గద చెప్పేది, నువ్వు గాదు. నీకేం ఫికర్?"

అంతలో ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చి నిలబడింది. తల్లి మొహం చూసి, నా మొహం చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నేను ఖీమా డబ్బాను పేపర్లో చుట్టి, బట్టల సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకున్నాను.

చిరాగ్‌పల్లి ఎంతో దూరం లేదు. బొంబాయి రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కితే లారీల మధ్య ఊగుకుంటూ తీసుకుపోతాడు. తుంపర పడుతోంది. దారి పొడుగునా ఏం చెప్పాలో నోట్లోనే అనుకుంటూ పోయాను. పిల్లవాడి తండ్రి ఎదురైతే ఒకటి, తల్లి ఎదురైతే ఇంకొకటి. డబ్బా విప్పకపోతే ఒకటి, విప్పితే ఇంకొకటి. నాలుగు అబద్ధాలు నాలుగు జేబుల్లో పెట్టుకున్నట్టుంది నా పని.

పిల్లవాడి తండ్రి నమాజుకు పోయాడట. తలుపు తీసింది తల్లే. నాకంటే పదేళ్ళు పెద్దది, సన్నటి మనిషి. ఆపా పక్కింటి దాన్నని చెప్పగానే లోపలికి రమ్మంది. కూర్చోమనలేదు, నేరుగా వంటింట్లోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసింది. నేను ఖీమా డబ్బా బయటికి తీసి, కూర్చుకొచ్చిన మాటలు మొదలుపెట్టాను. "ఖాలా, తప్పు నాది. ఆపాకు ఏం తెల్వదు..."

ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఎండ్రికాయలు నువ్వేనా సాఫ్ చేసింది?" అని అడిగింది.

అంటే డబ్బా విప్పి చూసింది. అవునన్నాను.

"ఈకలన్ని తీసినవు. నడుము సక్కగ ఇరిచినవు. ఈడ గిట్ల ఎవరికి రాదు" అంది. "ఎవరు పంపమన్నరు? నా సంగతి మీకు ఎవరు చెప్పిన్రు?"

ఏ సంగతో నాకు తెలియలేదు. తెలియదని చెప్పాను. ఆమె చాలాసేపు నా మొహం చూసింది. నిజమే చెబుతున్నానని నమ్మకం కుదిరాక పీట జరిపి కూర్చోమంది, తనూ కింద కూర్చుంది. అప్పుడు నాకు తెలిసింది, ఆ ఇంట్లో నాకంటే ఆమె ఎక్కువ భయపడి ఉందని.

ఆమెది కొంకణం. రత్నగిరి దిక్కు సముద్రపు ఒడ్డు ఊరు. వాళ్ళ నాన్న లారీ పని మీద ఈ రోడ్డున తిరిగేవాడు, అట్లా ఈ సంబంధం కలిసింది. "మా దిక్కు మావోళ్ళందరు తింటరు. మాకు కూడనిది గాదు. మా అమ్మ ఖాడీల దిగి పట్టేది. నేను గూడ పట్టేదాన్ని" అంది. ఖాడీ అంటే సముద్రం నీళ్ళు ఊళ్ళోకి వచ్చే కాలువ అని చేత్తో గీసి చూపించింది. కొత్త కోడలిగా వచ్చిన నెలలో, ఏం తినబుద్ధవుతోందని అత్త ప్రేమగా అడిగిందట. ఈమె ఎండ్రికాయలంది. ఆ రోజు నుంచి అత్త ఆమె పళ్ళెం వేరు పెట్టింది. ఆడబిడ్డలు చాలా ఏళ్ళు ఎండ్రికాయలామె అనే పిలిచారు. పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యాక గాని ఆ పేరు పోలేదు. అత్త అడిగిన ఆ రోజు నుంచి ఆమె మళ్ళీ ఎండ్రికాయ మాట ఎత్తలేదు. ముప్పై ఏళ్ళు.

"పొద్దుగాల మూత తీసేసరికి రెండు డెక్కలు" అంది. "కొత్త సమ్ధన్‌కు గూడ ఎవరో చెప్పిన్రు, పండగ పూట నన్ను ఎక్కిరియ్యనీకి పంపిందనుకున్న. ఆయన సూడకముందె లోపల దాచిన."

సమ్ధన్ అంటే వియ్యపురాలు, మా ఆపా. "ఆపా గసుంటిది కాదు" అన్నాను. "ఆమె ఏడ్వలేక సస్తాంది. పెళ్ళి పోతదని."

"పెళ్ళి ఎందుకు పోతది?" అంది ఆమె, నేను ఏదో తెలివితక్కువ మాట అన్నట్టు. "ఆ పిల్ల మంచిది."

ఆమె లేచి ఫ్రిజ్ అడుగున, ఆకుకూరల సంచి వెనకనుంచి నా డబ్బా తీసింది. అక్కడికి పైనున్న మంచు గదిలోంచి అప్పుడే మార్చినట్టుంది, గడ్డ ఇంకా గట్టిగానే ఉంది. పైన ఒక డెక్క ఉంది. రెండోది ఉన్నచోట మంచులో గుంట ఉంది, చెంచాతో తవ్వినట్టు.

"ఒకటి తీసుకున్న" అంది. సిగ్గుపడలేదు. "చాయ్ గిన్నెల ఉడకబెట్టుకున్న."

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. వియ్యపురాలి ఇంటి నుంచి వచ్చిన పండగ డబ్బాలోంచి, మొగుడు నమాజుకు పోయిన సందు చూసుకుని, చాయ్ గిన్నెలో ఎండ్రికాయ డెక్క ఉడకబెట్టుకున్న మనిషి. ఉన్నవన్నీ ఇక్కడే పెట్టుకోమన్నాను. వద్దంది. ఈ ఇంట్లో మళ్ళీ ఆ పేరు వినలేనంది. అయితే మా ఇంటికి రమ్మన్నాను.

"మా ఇంట్ల గూడ వద్దంటరు ఖాలా. మా ఆయన మాలకరి. దొడ్ల పొయ్యి మీద వండుత. ఫాల్, పీకో పని ఉందని చెప్పి రా."

సరేనంది. తలుపు దాకా వచ్చి, "సమ్ధన్‌కు చెప్పకు" అని నా చెయ్యి పట్టుకుంది. "పిల్లనిచ్చేవాళ్ళు. ఏమన్న అనుకుంటరు." పిల్లను చూసిన రోజు ఆ పిల్ల చెయ్యి కూడా ఇట్లాగే పట్టుకుని ఉంటుందనిపించింది. మాటిచ్చాను.

తిరిగి వచ్చేసరికి ఆపా గుమ్మంలోనే ఉంది. "మూత గూడ తియ్యలే ఆపా. ఎట్ల పోయిందో అట్లనే తెచ్చిన. ఖీమా చూసి మస్తు ఖుషీ అయింది" అన్నాను. తడబడకుండా చెప్పానని నాకు నేనే మెచ్చుకున్నాను. డబ్బా ఆమె చేతికిచ్చాను, ఎందుకంటే అది పోవాల్సింది ఆమె ఫ్రీజర్లోకే. ఆమె డబ్బా అందుకుని, "అచ్ఛా" అని లోపలికి పోయింది. ఆ రాత్రి వాళ్ళింటి నుంచి మా పిల్లలకు సేమియా పాయసం వచ్చింది.

చలికాలంలో పెళ్ళయింది. పెళ్ళి బట్టల్లో సగం నా మిషన్ మీదే కుట్టాను. పెళ్ళయ్యాక, మళ్ళీ వానలు పడ్డ రోజుల్లో, వియ్యపురాలు కోడలిని పుట్టింట్లో దింపడానికి వచ్చి, ఓణీ అంచు పీకో చేయించుకోవాలని మా ఇంటికి వచ్చింది. నేను దొడ్లో పులుసు పెట్టి ఉంచాను. చింతపండు పులుసు, ఎల్లిగడ్డ కారం, కొంచెం నువ్వుల పొడి. సన్న కాళ్ళు రోట్లో దంచి, బట్టలో పిండి ఆ రసం కూడా పోశాను. జొన్నరొట్టె చేశాను. ఆమె పీట మీద కూర్చుని, రేకుల మీద వాన చప్పుడులో తింది. కాళ్ళు పళ్ళతో పటుక్కుమని కొరికి, లోపలి కండను ఒక్క పీల్పులో లాగేది. నేను ఇన్నేళ్ళుగా తింటున్నా నాకా నేర్పు లేదు. చిప్పలన్నీ పళ్ళెం పక్కన వరసగా పేర్చింది.

ఎట్లా ఉందని అడిగాను. "బాగుంది. మా అమ్మది గిట్లుండది" అంది.

నాకు కోపం వచ్చింది. పొద్దుటి నుంచి పొగలో కూర్చుని వండితే ఈ మాటా! తర్వాత ఆమె మొహం చూశాను. కళ్ళల్లో నీళ్ళున్నాయి, అది నా కారానికి కాదు. "కొబ్బరి ఏస్తది" అని, ఇంకో రొట్టె అడిగింది. మరుసటి ఏడు సంచిలో రెండు కొబ్బరికాయలు పెట్టుకుని వచ్చింది. కొబ్బరి వేసి చేస్తే నాకు నచ్చలేదు. ఆమెకు నచ్చింది. అప్పటి నుంచి రెండు గిన్నెల్లో వండుతున్నాను.

ఆమె చలికాలంలో కూడా ఒకసారి వస్తుంది కాబట్టి డబ్బాలు పెరిగాయి. పెద్ద డబ్బా నాది, చిన్న డబ్బా ఆమెది. ఆ తప్పు జరిగాక ఆపా నా డబ్బాలకు ఎర్రదారం కట్టడం మొదలుపెట్టింది. పండగ వచ్చే వారం ముందే అవి ఏ మూలన ఉన్నాయో ఒకటికి రెండుసార్లు చూసుకుంటుంది. చిన్న డబ్బా ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాను, ఐదేళ్ళుగా అది వాడే అవసరం రాలేదు. ఒక మనిషి దగ్గర రహస్యం దాచుకుంటూ ఆమె ఫ్రీజరే వాడుకోవడం నాకు అప్పుడప్పుడు గుచ్చుకునేది. కాని మాటంటే మాట.

మొన్న వానలకు తమ్ముడు సంచి తెచ్చాడు. ఉడకబెట్టి, విరిచి, రెండు డబ్బాలూ నింపి, నీళ్ళు పోసి గోడ మీద పెట్టి పిలిచాను. ఆపా వచ్చింది. రెండు మూతలూ తీసి చూసింది. పైనున్న డెక్కలు చూసి, చిన్న డబ్బాలో వేలు పెట్టి ముక్కలు కదిలించింది. ఇన్నేళ్ళలో ఆమె ఎండ్రికాయను ముట్టుకోవడం నేను చూడలేదు.

"దీంట్ల కాళ్ళు తీసెయ్" అంది. "నడుములే పెట్టు. సమ్ధన్‌కు దవడ పళ్ళు తీసిన్రు, నమలలేదు."

ఎప్పటి నుంచి తెలుసు అని అడిగాను.

"నువ్వు డబ్బ తెచ్చిన్నాడే. రెండు డెక్కలు పోయినయి, ఒకటే వచ్చింది" అంది ఆపా. "మూత తియ్యలేదన్నవు. నువ్వు గంత కష్టపడి చెప్తుంటె నేనేమనాలె? ఆ దినమంత నా బిడ్డ ఎసుంటి ఇంటికి పోతదో అని భయపడ్డ. ఆమె డెక్క తవ్వుకున్న ఆ గుంట చూసినంక భయం పోయింది."

చేతులు కొంగుకు తుడుచుకుని, ఎర్రదారం కోసం లోపలికి పోయింది. నేను చిన్న డబ్బాలోంచి కాళ్ళన్నీ ఏరి పెద్ద డబ్బాలో వేసుకున్నాను.